114 ఎవరి పద్దు?

హైదరాబాద్ విమానాశ్రయానికి తూర్పున, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంటుంది రావిర్యాల. మహేశ్వరం మండలం. 2008లో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది. ఆ కాలంలోనే ఔటర్ వచ్చింది, ఫ్యాబ్ సిటీ వచ్చింది, తర్వాత 2016లో వండర్‌లా వినోద పార్కు, 2023లో విజయ డెయిరీ కొత్త ప్లాంటు వచ్చాయి. ఒకప్పుడు చేను దున్నిన చేతులు ఈ చుట్టుపక్కల ఇప్పుడు స్టీరింగ్ తిప్పుతున్నాయి, గేట్లు తెరుస్తున్నాయి, ప్లాట్లు చూపిస్తున్నాయి.

అలాంటి ఒక ఇంటి వాకిట్లో జరిగే వాదం ఇది. అత్త ఏఎన్ఎంగా చేరి, ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైంది. అల్లుడు ఆమె అన్న కొడుకు, ముప్పై ఎనిమిదేళ్లవాడు, రాత్రిపూట ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. వాళ్లకు పేర్లు పెట్టలేదు. ఈ వరుసల మనుషులు ఇక్కడ ఏ గల్లీలోనైనా ఉంటారు. ఆదివారం పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చాడు అల్లుడు. పరగడుపున చేయించిన రక్తపరీక్ష కాగితం అత్త చేతిలో ఉంది.

అత్త: 114. నూరు లోపల ఉండాలె. 126కు చేరితే షుగర్ అంటరు. నువ్వు నడుమ దర్వాజల నిలబడ్డవ్ అల్లుడా. లోపలికి పోతవో, ఎనుకకు మళ్లుతవో నీ చేతులనే ఉన్నది.

అల్లుడు: నా చేతుల స్టీరింగ్ ఉన్నదత్తా, ఇంకేం లేదు. రాత్రి తొమ్మిదింటికి బండి తీస్త. పార్కింగ్‌ల క్యూల పడుత. బయటి దేశాల విమానాలు శాన మటుకు అర్ధరాత్రి దాటినంకనే. ఒక్కో దినం రెండు గంటలు వెయిటింగ్, ఒక్కో దినం నాలుగు. కిరాయి తగిలితే కూకట్‌పల్లి దాక పోయి మళ్ల ఉత్తగ తిరిగి రావాలె. ఆ టైమ్‌కు తెరిచి ఉండేది ఏంది? చాయ్ బండి, ఎగ్ ఫ్రైడ్ రైస్ బండి, హైవే మీద బిర్యానీ. తెల్లారి వచ్చి బువ్వ తిని పంట. ఇండ్ల నేను ఏరుకున్నది ఏదో నువ్వే చూపియ్యి.

అత్త: రాత్రికి ఎన్ని చాయ్‌లు?

అల్లుడు: ఐదారు.

అత్త: ఒక్కోదాంట్ల పది గ్రాముల చక్కెర అనుకున్నా అరవై. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల సూచనలు ఇచ్చింది. చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తంల 5 శాతం దాటొద్దన్నరు. అంటే రోజుకు 25 గ్రాముల కాడికి. నువ్వు తెల్లారేసరికి రెండు రోజులది తాగుతున్నవ్.

అల్లుడు: చక్కెర నేను ఏసుకునేది కాదు. గిన్నెలనే కలిపి మరిగిస్తడు. బండి మీద చాయ్‌ల చక్కెర తక్కువ ఏయమంటే ఎట్ల ఏస్తడు?

అత్త: తాగుడు నీదే కద.

అల్లుడు: అయితే ఇది చెప్పు. ఐసీఎంఆర్ సర్వే 2023ల పేపర్ల వచ్చింది. దేశంల 10.1 కోట్ల మందికి షుగర్, నా లెక్క దర్వాజల ఉన్నోళ్లు 13.6 కోట్లు. గిన్ని కోట్ల మంది ఒక్క తరంలనే సోమరులైండ్రా? అందరికి ఒక్కసారే నోరు కట్టుకునే శక్తి పోయిందా? ఊరు మారింది, పని మారింది, తిండి మారింది. తాత ఎద్దుల ఎనుక, గొర్ల ఎనుక నడిచిండు. వ్యాయామం అన్న మాట ఆయన ఇననే లేదు. ఆయన నడక ఆయన ఏరుకున్నది కాదు, నా సీటు నేను ఏరుకున్నది కాదు.

అత్త: తాత కాలం బంగారమని నువ్వు అనుకుంటున్నవ్. నౌకరీల కొత్తగ చేరినప్పుడు నేను తిరిగిన ఇండ్లల్ల పిల్లలు వాంతులు, విరేచనాలతోని పోయేటోళ్లు. జొన్న గట్క ఎందుకు తిన్నరు? బియ్యం కొనలేక. బువ్వ అంటే పండుగ. 1983ల ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు మా అమ్మ ఆ సంచి ముంగట దండం పెట్టింది. తెల్ల బువ్వ మాకు మర్యాద.

అల్లుడు: ఇప్పుడు ఆ బువ్వ మీదనే కేసు పెడుతున్నవ్. 2025 ఉగాది నుంచి రేషన్‌ల సన్నబియ్యం, మనిషికి ఆరు కిలోలు. నలుగురం ఉన్నం, 24 కిలోలు. పుక్కట్ల వచ్చింది పక్కకు పెట్టి జొన్నలు కొనుక్కోవాల్నా? పక్కన కర్ణాటకల రేషన్‌ల రాగులు, జొన్నలు గూడ ఇస్తరట. ఈడ అట్ల ఇచ్చి, అప్పుడు చెప్పుండ్రి బాధ్యత సంగతి.

అత్త: ఇయ్యాలె. ఆ మాటకు నేను అడ్డం రాను. కాని బియ్యం బంద్ చెయ్యమని ఎవరన్నరు? పోషకాహార సంస్థోళ్లు గీసిన పళ్లెంల సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. ధాన్యం నుంచి వచ్చే శక్తి నూటికి 45 దాటొద్దన్నరు. నీ పళ్లెం నేను చూసిన. బువ్వ గుట్ట, దాని పక్కన కూర బొట్టు పెట్టినట్టు. పప్పు అంటే పైన పోసిన పసుపు నీళ్లు. బువ్వ ఒక గంటె తగ్గియ్యి, పప్పు ఒక గంటె పెంచు. దీనికి గూడ జీవో రావాల్నా?

అల్లుడు: నవ్వు తెప్పియ్యకు. రాత్రంత మేలుకున్న కడుపు అది. ఆకలి గంటెలు లెక్కపెట్టదు.

అత్త: లెక్కల సంగతే ఇంకోటి ఇను. తిండి మనిషి ఒంట్ల ఎంత లోతుకు పోతదో మన హైదరాబాద్ పక్క ఊర్లల్లనే తేలింది. 1987 నుంచి 1990 దాక 29 ఊర్లు తీసుకున్నరు. 15 ఊర్లల్ల కడుపుతోని ఉన్నోళ్లకు, పాలిచ్చే తల్లులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజు ఉప్మా పెట్టిండ్రు, మక్క, సోయా కలిపిన పిండితోని. 14 ఊర్లకు అప్పటికింక ఆ పథకం రాలే. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేండ్ల ఈడుకు వచ్చినంక మళ్ల ఎతికి పరీక్షలు చేసిండ్రు. ఉప్మా తిన్న ఊర్ల పిల్లలు తక్కినోళ్ల కంటె 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నరు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేసే గుణం వాళ్లల్ల ఇరవై శాతం తక్కువ. 2008ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల అచ్చయింది. చూసినవా తిండి బలం?

అల్లుడు: ఆగత్తా, ఆగు. నేను పుట్టింది 1988ల. ఆ ఉప్మా ఎవరు పెట్టిండ్రు?

అత్త: అంగన్‌వాడీ.

అల్లుడు: అంటే సర్కారు. కడుపుల ఉన్న పిల్లగాడు బాధ్యత తీసుకున్నడా? ఒక ఊర్ల పుట్టినోనికి అందింది, నాలుగు కోసుల దూరంల పుట్టినోనికి అందలే. ఎవని ఒళ్లు ఎట్లుంటదో వాడు పుట్టకముందే సగం రాసిపెట్టి ఉన్నదని నువ్వే రుజువు చేస్తున్నవ్. మళ్ల నా 114 నా పద్దుల రాస్తవ్.

అత్త: మంచిగ పట్టుకున్నవ్. ఒప్పుకుంటున్న. ఈ 114ల మా అన్న పేదరికం ఉన్నది. మీ అమ్మ నిన్ను మోసినప్పుడు తినకుండ ఉన్న పూటలు ఉన్నయ్. రాత్రి డ్యూటీ ఉన్నది, ఆ రోడ్డు ఉన్నది. తప్పు ఎవరిదని పంచాయితి పెడితే నీ వంతు తక్కువనే వస్తది. అయితే నేను పంచాయితి పెడుత లేను. చెరువు కట్ట ఎవడు తెంపిండో తర్వాత తేల్చుకోవచ్చు. నీళ్లు నీ మడిలకు వస్తుంటే ఒడ్డు ఎవరు ఎయ్యాలె?

అల్లుడు: ఒడ్డు ఏస్తే నీళ్లు ఆగుతయని రాసిస్తవా?

అత్త: రాసియ్య. చెన్నైల రామచంద్రన్ డాక్టర్, వాళ్ల జట్టు చేసిన లెక్క 2006ల వచ్చింది. నీ లెక్క దర్వాజల ఉన్నోళ్లను 531 మందిని తీసుకున్నరు. కొందరికి మామూలు సలహా చెప్పి పంపిండ్రు. కొందరికి తిండి, నడక నేర్పి, మళ్ల మళ్ల పిలిచి అరుసుకున్నరు. మూడేండ్లల్ల మామూలు సలహా జట్టుల వందకు 55 మందికి షుగర్ వచ్చింది. నడక నేర్చిన జట్టుల 39 మందికి. గోలీ ఇచ్చిన జట్టుల గూడ దరిదాపు అంతే.

అల్లుడు: 39! నోరు కట్టుకుని, కాళ్లు అరిగేటట్టు నడిచి, వందకు 39 మంది మళ్ల అదే దర్వాజ లోపలికి పోయిండ్రు. ఇగ ఊర్లోళ్లు వాళ్లను ఏమంటరు? 'సరిగ నడవలే, దొంగతనంగ లడ్డూలు తిన్నడు' అంటరు. బాధ్యత అన్న మాటల నాకు నచ్చనిది అదే. రోగం వచ్చినోన్ని దొంగను చేస్తది.

అత్త: అట్ల అన్నోడు మూర్ఖుడు. నేను గూడ ఆ మాట అన్న దినాలు ఉన్నయ్, అబద్ధమెందుకు. కాని మిగిలిన లెక్క చూడు. 55ల నుంచి 39 పోతే 16. వందల పదహారు ఇండ్లు. ఆ పదహారుల నువ్వు ఉండొద్దా? నువ్వు సీటు బెల్టు పెట్టుకుంటవ్ కద. పెట్టుకున్నోళ్లు పోత లేరా? అయినా పెట్టుకుంటవ్.

అల్లుడు: చలాన్ పడుతదని పెట్టుకుంట.

ఇద్దరూ నవ్వారు. ఊరి చెరువు మీదుగా ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా మాట ఆగింది.

అల్లుడు: నవ్వుడు గాదు. బెల్టు నాకు అలవాటు చేసింది చట్టం. చక్కెరకు చలాన్ ఏది?

అత్త: మొదట్ల చలాన్‌కే పెట్టుకున్నవ్. మొన్న మన గల్లీల బండి తిప్పేటప్పుడు గూడ పెట్టుకున్నవ్, నేను చూసిన. ఆడ పోలీసోడు లేడు. చెయ్యి దానంతటదే పోయింది. నేను అడిగేది ఆ చెయ్యి సంగతి. సరే, నీ సీటు సంగతికే వస్త. లండన్ల డబుల్ డెక్కర్ బస్సులు, ఒకప్పుడు మన సిటీల తిరిగినట్టియే. 1953ల జెర్రీ మోరిస్ అనే డాక్టర్ ఆ బస్సోళ్ల లెక్క బయటపెట్టిండు. డ్రైవర్ కూసునే ఉంటడు. కండక్టర్ రోజుకు ఐదువందల పైన మెట్లు ఎక్కుతడు. ఒకటే బస్సు, ఒకటే ఊరు. గుండెజబ్బు మాత్రం డ్రైవర్లకు ఎక్కువ.

అల్లుడు: నీ నోటితోనే చెప్పినవ్. సీటే రోగం. సీటు నాది గాదు, పొట్టది.

అత్త: పూర్తిగ ఇను. అదే మోరిస్ తర్వాత యూనిఫాం కొలతలు తీసిండు. డ్రైవర్ల ప్యాంట్లు నడుము కాడ కండక్టర్ల కంటె పెద్దయి, పడుచు డ్రైవర్లయి గూడ. ఏండ్లకేండ్లు కూసోకముందే అట్ల ఉన్నరంటే కథ ఒక్క సీటుతోనే ముగియలే. అందుకే నేను ఒక్క లెక్క పట్టుకుని ఊగను. అయితే అప్పటి నుంచి వచ్చిన లెక్కలన్ని కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఒకటున్నది. వారానికి తక్కువల తక్కువ 150 నిమిషాలు, జెర ఊపిరి ఎగపోసేటట్టు నడువు అని. నీకు నాలుగు గంటల వెయిటింగ్ ఉన్నది.

అల్లుడు: వెయిటింగ్ అంటే ఖాళీ అనుకుంటున్నవ్. కన్ను ఫోన్ మీదనే ఉంటది, ట్రిప్ పడితే ఎంబడే ఒప్పుకోవాలె. సీటు ఎనుకకు వంచి ఒక కునుకు తీసేది గూడ అప్పుడే. కునుకు తియ్యాల్నా, నడవాల్నా?

అత్త: కునుకే. నిద్ర వస్తే పండు. బండి నడిపేటోనికి అంతకంటె పెద్ద బాధ్యత లేదు, ఎనుక సీట్ల ప్రాణాలుంటయ్. కాని నిద్ర రాక రీల్స్ చూసే టైమ్ ఎంత? నిజం చెప్పు. ఫోన్ జేబుల ఉన్నా మోగుతది.

అల్లుడు: ఒక అర్ధగంట అనుకో.

అత్త: వారానికి ఎన్ని రాత్రులు?

అల్లుడు: ఆరు. ఐదు అనుకో, వానకు ఒకటి పోయినా.

అత్త: ఐదు అర్ధగంటలు. ఎన్ని నిమిషాలో నువ్వే చెప్పు, కిరాయి లెక్కలు నా కంటె నీకు మంచిగొస్తయ్.

అల్లుడు: నూటయాభై. సరే. కాని నీకు తెల్వనిది ఒకటి చెప్త. పార్కింగ్‌ల ఒక్కడు బండ్ల చుట్టు తిరిగితే తక్కినోళ్లు నవ్వుతరు, 'ఏమైందిరా, బండి పోయిందా' అని. ఇటు చూస్తే వండర్‌లాకు సిటీ నుంచి టిక్కెట్లు కొనుక్కొని వస్తరు. మెట్లెక్కి, ఉరికి, ఎగిరి, చెమట పట్టి పోతరు. వాళ్ల కోసం గేటు బయట బండ్లల్ల కూసునేది మేము. నడక ఉన్నోనికి షోకు, లేనోనికి గతి. మేము ఇప్పుడిప్పుడే గతిల నుంచి బయటపడ్డం.

అత్త: నవ్వేటోళ్లల్ల ఇద్దరి షుగర్ నీకంటె ఎక్కువ ఉంటది, అడిగి చూడు. వాళ్లనే తోడు తీసుకో.

అల్లుడు: రేపు రోగం ముదిరినా ఆరోగ్యశ్రీ లేదా? 2023 డిసెంబర్ల 10 లక్షలు చేసిండ్రు.

అత్త: మంచిదే చేసిండ్రు. గుండెకు స్టెంట్ పడితే దవాఖాన బిల్లు ఆ కార్డు కడుతది. నువ్వు మంచాన పడ్డ నెల బండి ఈఎంఐ కడుతదా? మొద్దుబారిన అరికాలుకు స్పర్శ తెస్తదా? పాదం మీద పుండు అయ్యి, తెల్వక, వేలు తీసేసినోళ్ల ఇండ్లు నేను తిరిగిన. వాళ్లు బిల్లు గురించి ఏడ్వలే.

అల్లుడు కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత అతను అడిగిన మాటకు అత్త దగ్గర సిద్ధంగా జవాబు లేదు.

అల్లుడు: నడక ఒప్పుకున్న. ఇగ తిండి. జొన్న రొట్టె తిను, పుంటికూర తిను, రాత్రికి సద్ది కట్టుకపో అంటవ్. ఎవరు చెయ్యాలె? నా భార్య ఎనిమిదింటికి కంపెనీ బస్సు ఎక్కాలె. ఐదింటికే లేచి పిల్లల బాక్సులు కడుతది. 'నీ ఆరోగ్యం నీ బాధ్యత' అని నువ్వు నాతోని అంటవ్. ఆ మాట పొయ్యి కాడికి పోయేసరికి ఆమె బాధ్యత అయితది. కూర తరిగేది ఆమె, రొట్టె కొట్టేది ఆమె. మూడు నెలలకు నా 114 తగ్గకుంటే మా అమ్మతోని మాటలు పడేది ఆమె. ఆమె షుగర్ ఎంతున్నదో ఎవరన్న చూసిండ్రా?

అత్త: ముప్పై ఏండ్లల్ల ఇది నన్ను ఎవ్వరు అడగలే. నేను పోయే యాళ్లకు ఇండ్లల్ల మొగోళ్లు ఉండకపోతుండె. ఉన్నోడు 'లోపల మా ఇంటామెకు చెప్పు' అని బీడీ ముట్టించుకునేటోడు. ఆయన బీపీ సంగతి ఆమెకు చెప్పి వచ్చిన. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు దాటొద్దని ఆమెకే చెప్పిన. ఉప్పు తక్కువైన పూట గిన్నె ఇసిరేసేది ఎవరో తెలిసి గూడ ఆమెకే చెప్పిన. రిజిస్టర్ల మాత్రం 'సలహా ఇవ్వబడినది' అని రాసిన.

అల్లుడు: మరి ఇప్పుడేమంటవ్?

అత్త: నా మాట ఎనుకకు తీసుకోను, ఇంక గట్టిగ అంటున్న. నీ బాధ్యత అంటే నీదే. నీ రొట్టె నువ్వు కొట్టు.

అల్లుడు: నేనా?

అత్త: మా నాయిన గొర్ల ఎంట నెలలకు నెలలు పోయేటోడు. ఆడ ఎవరు కొట్టిపెట్టిండ్రు? మూడు రాళ్లు, ఒక పెంక. పిండిల వేడినీళ్లు పోసి, మెదిపి, చేతులతోని కొట్టేటోడు. రొట్టె మీద ఏలిముద్రలు కనపడేటియి.

అల్లుడు: తాతకు గతి లేక.

అత్త: నీకు మాత్రం? కాగితం మీద ఎంతున్నది?

అల్లుడు: మా అమ్మ ఊకోదత్తా. కొడుకు పొయ్యి కాడ కూసున్నడని ఊరంత చెప్తది.

అత్త: మా వదినెతోని నేను మాట్లాడుత. అది నా పద్దు. మొగోళ్లకు చెప్పాల్సింది ఆడోళ్లకు చెప్పి వచ్చిన బాకీ నాకున్నది. వచ్చే ఆదివారం నీ భార్యను పరగడుపున తీసుకురా. నీ కాగితం చూసినం, ఆమెది చూద్దాం.

అల్లుడు: అయితే నాది గూడ ఒక షరతు. నీ బాకీ అంతటితోని తీరదు. వార్డుల మీటింగ్ పెడితే రేషన్‌ల జొన్నలు ఇయ్యమని నువ్వు లేచి అడగాలె. నీ మాట ఇంటరు. నేను చాయ్ బండి అతన్ని అడుగుత. నా ఒక్కని కోసం చక్కెర లేని చాయ్‌కు రెండో గిన్నె పెట్టడు. పది మందిమి అడిగితే పెడుతడు. ఆ నవ్వేటోళ్లల్లకెల్లి తొమ్మిది మందిని ఎతకాలె.

అత్త: ఎతుకు. నడిచేటప్పుడు దొరుకుతరు.

అల్లుడు: మూడు నెలలకు 114 అట్లనే ఉంటే?

అత్త: అట్లనే ఉంటే డాక్టర్ తాన పోదాం, గోలీ రాస్తే ఏసుకుంటవ్. నిన్ను దొంగ అని నేను అనను, ఎవ్వరిని అననియ్య.

అల్లుడు: ఉండు మరి, నీళ్లు కాగబెడుత. పిండి ఏడున్నది?

అత్త: ఇప్పుడు కాదు. రాత్రంత మేలుకున్నవ్, ముందు పండు. లేచినంక కొడుదువు గాని. పిండి డబ్బా అరుగు మీద పెడుత. నేను కొట్టి మాత్రం పెట్టను.